ఒక మంచి తేదీ కావలెను

రేపు పొద్దున పది గంటలకల్లా తేదీ చెప్పాలి.

"అక్టోబరు చివరైనా సరే, నవంబరు మొదలైనా సరే. ఇంట్లో మాట్లాడుకొని ఒక తేదీ చెప్పండి. అయిపోయినాక మార్చేదానికి రాదు" అని కురుగోడులో మేడమ్ ఖండితంగా చెప్పి పంపింది.

రేణుకకు అన్నం దిగలేదు. తేదీ విషయంలో ఒకసారి దెబ్బతిన్న మనిషి ఆమె. కూతురు యశస్విని పుట్టింది డిసెంబరు ఇరవై ఆరున. సునామీ వచ్చిన తేదీ అదేనని ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా నాలుగేళ్ల పిల్ల చెయ్యి తగిలితే చాలు, ప్రతి నీళ్ల చెంబూ దొర్లుతుంది. నిండు బిందె దొర్లిన రోజయితే రేణుక ఏకంగా దిష్టి తీసింది. ఈసారి అట్లా కాకూడదు. పుట్టే తేదీ మన చేతిలోనే ఉన్నప్పుడు కోరి కోరి కష్టం తెచ్చుకుంటామా?

అందరూ నడిమింట్లో కూర్చున్నారు. మొగుడు సుదర్శన్ లారీ తీయకుండా ఉండిపోయాడు. అతని అవ్వ సుభద్రమ్మ గోడకానుకొని ఆకువక్క నములుతోంది. తొమ్మిదో తరగతితో బడి మానేసినా ఆ ఇంట్లో ఎక్కువ చదివింది రేణుకే. అందుకే ఫోను ఆమె చేతిలో ఉంది.

"శనక్కాయ పీకే దినాలే. ముందునుంచీ నేను చెప్తానే ఉండా" అంది అవ్వ.

రేణుక తేదీ కొట్టింది. "అక్టోబరు ఇరవై తొమ్మిది. ఒడిశాలో పెద్ద తుపాను."

"సాలు. యశస్వినితోనే తడుస్తాండాం" అన్నాడు సుదర్శన్.

"ముప్పై. హోమీ భాభా పుట్టినాడంట. అణు శాస్త్రవేత్త."

"అణువంటే ఏందమ్మీ?"

"దాంతో కరెంటు తీస్తారవ్వా. బాంబులూ చేస్తారు."

"బాంబు నాకొద్దు."

"ముప్పై ఒకటి. పటేలు పుట్టిన దినం."

సుదర్శన్ నిటారుగా కూర్చున్నాడు. "అదే ఖాయం చేయి. ఉక్కు మనిషి. నేను సండూరు నుంచి తోలేదీ ఇనుపరాయే. కలిసొస్తాది."

రేణుక వేలు కిందికి జరిగింది. మొహం మాడింది. "అదే దినం ఇందిరమ్మను కాల్చినారు."

అవ్వ నమలడం ఆపింది. ఇందిరమ్మ ఫోటో ఇప్పటికీ ఆమె పెట్టె మూతకు లోపలివైపు అతికించి ఉంది. "ఆ దినం పాయసం తాగమంటే నాకు గొంతు దిగదు."

"యా దినమైనా ఎవరో పుట్టింటారు, ఎవరో పోయింటారు" అని విసుక్కున్నాడు సుదర్శన్. "సుమ్నే ఏదో ఒకటి చెప్పరాదా మే?"

"నీకేమప్పా, చెప్తావు. బతుకంతా ఆ తేదీని మోసేది నువ్వా?" అంది రేణుక.

"నొప్పేమన్నా ఉంటాదా?" అని మెల్లగా అడిగింది అవ్వ.

"ఏముంటాది? అయిదు నిమిషాల పని" అన్నాడు సుదర్శన్.

"మగోళ్లు అట్లే అంటారు. తిని పోవచ్చునా, ఖాళీ కడుపుతోనా అమ్మీ?"

"తినే పోవచ్చంట అవ్వా."

అక్టోబరు అయిపోయింది. రేణుక కళ్లు మూసుకొని ఎల్లమ్మకు మొక్కి, నవంబరు ఒకటి కొట్టింది.

"కర్ణాటక పుట్టిన దినం. ఇంకా... ఆంధ్రా పుట్టిన దినం కూడా."

"ఈ పక్కా పండగే, ఆ పక్కా పండగే" అన్నాడు సుదర్శన్. "ప్రతి యేడూ రజా, అందరికీ సెలవే."

"ఉండప్పా, కింద ఇంకా ఏముండాదో చూడనీ" అని రేణుక వేలు జరపబోయింది.

అప్పుడే యశస్విని పరుగెత్తుకుంటూ వచ్చింది. చెంబు దొర్లింది. నీళ్లన్నీ ఫోను మీద పడ్డాయి. తెర నల్లబడింది. కింద ఇంకా ఏముందో ఎవరికీ తెలియలేదు.

బిడ్డను తిట్టబోయి, ఆగి, ఎత్తుకొని ముద్దు పెట్టుకుంది రేణుక. చెడ్డది ఒక్కటీ కనబడలేదు. తేదీ ఖాయం.

మరుసటి పొద్దున పదిన్నరకు, కురుగోడు కంప్యూటర్ సెంటరులో మేడమ్ వేలిముద్ర తీసుకొని మీట నొక్కగానే, పింఛను అర్జీలో నవంబరు ఒకటిన, డెబ్బై ఎనిమిదేళ్ల సుభద్రమ్మ పుట్టింది.