గెట్ పిన్ని

"ఐ గెట్ ఆకలి," అంది పిన్ని లేచి నిలబడి.

క్లాసంతా ఘొల్లుమంది.

మందుల దుకాణం పైన రెండు గదులు. పగలంతా పనులు చేసుకునేవాళ్లకి అక్కడ సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసులు. ఆ రోజు మాస్టారు బోర్డు మీద 'గెట్' అని రాసి, ఇది చూడ్డానికి చీమంత మాట, మోసేది మాత్రం ఊరందరి బరువు అన్నారు. నిద్ర లేవడానికి గెట్, బస్సు దిగడానికి గెట్, వానలో తడవడానికి గెట్, పెళ్లి చేసుకోవడానికి గెట్, ఆ తర్వాత కోపం రావడానికీ గెట్టేనట.

తలా ఒక వాక్యం చెప్పమన్నారు. ముందు రోజే చేరి, అప్పుడే క్లాసందరికీ పిన్ని అయిపోయిన ఆవిడ అందరికంటే ముందు లేచింది. నెరిసిన జుట్టు, ముక్కు చివరికి జారే కళ్లజోడు, ఎవరెంత నవ్వినా చిన్నబోని ముఖం.

"ఆకలిని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తు రాలేదు. అయినా గెట్ వేశాను కదా, సరిపోదూ?" అంది.

వెనక బెంచీలో ఒక దర్జీ కూచుని ఉంది. చేరిన నాటి నుంచీ పెదవి విప్పలేదని క్లాసులో ఆమెకి 'మూగనోము' అని పేరు పెట్టేశారు. పాపం, ఆమె బాధ ఆమెది. పెద్ద బట్టల దుకాణంలో, కిటికీ లేని వెనక గదిలో మిషన్ కుడుతుంది. ముందు కౌంటర్లో కొలతలు తీసుకునే ఉద్యోగం ఖాళీ అయింది. కొలతలంటే ఆమెకి కొట్టిన పిండి. కానీ మేనేజరు ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తాడట.

ఇంగ్లీషు ఆమెకి అర్థమయ్యేది. నోటి దాకా వచ్చి ఆగిపోయేది. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం.

ఇప్పుడు ఈవిడ తప్పు మాట్లాడింది. అందరూ నవ్వారు. ఈవిడకేమీ కాలేదు సరికదా, తనూ నవ్వుతోంది.

"హంగ్రీ," అంది దర్జీ గొంతులోనే.

"ఏంటమ్మాయ్?"

"ఐ గెట్ హంగ్రీ అనాలి, పిన్నిగారూ."

"అమ్మయ్య, బతికించావు. నా పక్కకొచ్చి కూచో తల్లీ. నువ్వుంటే గానీ నేను గట్టెక్కను."

ఆ రోజు నుంచి దర్జీకి ఊపిరాడలేదు. పిన్నికి ప్రపంచమంతా గెట్టే. ఒకనాడు వానలో తడిసి ముద్దై వచ్చి, "ఐ గెట్ ద బస్. ద బస్ గెట్ మై గొడుగు," అంది.

"గొడుగు బస్సులో మర్చిపోయారా?"

"అదేగా చెప్పాను."

దర్జీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఒక్కో ముక్కా ఇంగ్లీషులో దిద్ది చెప్పింది. వింత ఏమిటంటే, పిన్ని ఎన్ని తప్పులు చేసినా అన్నీ దర్జీ దిద్దగలిగినవే చేసేది.

ఇంటర్వ్యూ సంగతి తెలిశాక పిన్ని తనే కొనుగోలుదారు అవతారమెత్తింది.

"మై కోట్ గెట్ టైట్," అంది కోపంగా.

"గాట్ టైట్ అనాలి. ఇప్పటికే బిగుతైపోయింది కదా."

"కోటు బిగుతవలేదమ్మాయ్, నేను లావయ్యాను. దానికేమంటారు?"

"ఐ గాట్ ఫ్యాట్."

"నువ్వెక్కడ లావయ్యావే, పుల్లలా ఉంటేను."

ఒక్కసారి మాత్రం దర్జీకి ఓపిక చచ్చిపోయింది. "నిన్ననే కదా చెప్పాను! మీకు బుర్రకెక్కదా, పిన్నిగారూ?" అనేసింది.

"ఎక్కుతుందిలే. మళ్లీ చెప్పు," అంది పిన్ని కళ్లజోడు పైకి తోసుకుంటూ.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. కోటు బిగుతైందని ఒకాయన కోపంగా వస్తే ఏం చేస్తావని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. ఆయన కుర్చీలో దర్జీకి పిన్ని కనిపించింది. అంతే, మాటలు దారం ఉండ దొర్లినట్టు వచ్చేశాయి. మధ్యలో మేనేజరు మాటల్లోనే ఒక తప్పు దొర్లింది. అలవాటుగా దిద్దబోయి నాలుక కరుచుకుంది.

ఉద్యోగం వచ్చింది.

మర్నాడు సాయంత్రం కేకు కొనుక్కుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. బెంచీలో పిన్ని చోటు ఖాళీగా ఉంది. మాస్టారు రెండో గది గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పిన్నిగారేరండీ?"

"ఆవిడ ఇంక మీ క్లాసుకి రారమ్మా."

దర్జీ కేకు బెంచీ మీద పెట్టేసింది.

"నా వల్లేనండీ. బుర్రకెక్కదా అన్నాను, అది మనసులో పెట్టుకున్నారు. ఆదివారాలు మా ఇంటికి రమ్మనండి. ఈసారి విసుక్కోకుండా నేనే చెప్తాను. ఆ ఒక్క మాటా పట్టుబడితే చాలు, మిగతాదంతా వచ్చేస్తుంది ఆవిడకి."

మాస్టారు నవ్వాపుకుంటూ పక్కకి జరిగారు. లోపల ఆ రోజే చేరిన కొత్తవాళ్లు. బోర్డు మీద 'గెట్'. ముందు వరసలోంచి పిన్ని లేచింది.

"ఐ గెట్ ఆకలి."

గది ఘొల్లుమంది. వెనక బెంచీలో, భుజాలు ముడుచుకుని కూచున్న భారీ మనిషి ఒకాయన భయంభయంగా చెయ్యెత్తాడు.

"అయ్యయ్యో, మళ్లీ మొదటికొచ్చారా?" అంది దర్జీ.

మాస్టారు చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశారు.

"ఈ బడి ఆవిడదేనమ్మా; మొట్టమొదటి క్లాసులో, ఆ వెనక బెంచీలోంచి ఆవిడ చెప్పిన 'ఆకలి'ని దిద్దింది నేనే."