చుట్టకుదురు షాట్

"ఇది ఆటా, తీర్తంలో గారడీయా?" అన్నాడు కృపానిధి, చేతిలోని కర్రని నేలకి తాటిస్తూ.

శ్రీకాకుళంలో జగన్నాధం మేడమీద నడిపే పూల్ హాల్లో ఆ ఆదివారం సాయంత్రం ట్రిక్ షాట్ల పోటీ. ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఒకడు వినోద్, సముద్రం మీద వేటకెళ్ళే కుర్రాడు. రెండో మనిషి రిటైరైన లెక్కల మాస్టారు కృపానిధి.

వినోద్ షాటంటే పెళ్ళిసందడే. బావమరిది సోడా సీసాలు పేరుస్తాడు. తమ్ముడు ఫోన్లో వీడియో తీస్తాడు. భార్య దుర్గ, చేపల బుట్ట కింద తలమీద పెట్టుకునే తాడు చుట్టకుదురుని బల్లమీద చక్రంలా నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంటుంది. తెల్ల బంతి ఎగిరి దాని కంతలోంచి దూరి, అవతలున్న నల్ల బంతిని పాకెట్లో పడేస్తుంది. ఇందాక అదే జరిగింది. హాలంతా ఈలలు.

కృపానిధిది వట్టి బల్ల, వట్టి బంతులు. అతను కొట్టిన తెల్ల బంతి మూడు అంచులు తాకి, దారికడ్డమున్న బంతిని ఒరుసుకోకుండా వంపు తిరిగి, రెండు బంతుల్ని రెండు మూలలకీ తోలింది. అలాంటి షాట్ ఆ చుట్టుపక్కల ఇంకొకడు కొట్టలేడు. చప్పట్లు మాత్రం జగన్నాధం ఒక్కడే కొట్టాడు, అదీ మొహమాటానికి.

"సామాన్లు తీసీమను. అప్పుడు తెలుస్తాది ఎవడి సెయ్యి ఏటో," అన్నాడు కృపానిధి.

"సామాన్లుంటేనే కదా మాస్టారూ జనం సూస్తారు," వినోద్ నవ్వాడు. "మీ షాటు మీకొక్కరికే అర్తమవుతాది. ఒక్కరి కోసం ఆడుకుంటారేటి?"

ఆ మాట కృపానిధికి ముల్లులా దిగింది. వారమంతా మధ్యాహ్నాలు ఈ హాల్లో అతనొక్కడే ఆడతాడు. కౌంటర్ దగ్గర జగన్నాధం కునికిపాట్లు పడుతుంటే, మంచి షాట్ పడినప్పుడు తనకి తనే "భలే" అని చెప్పుకుంటాడు. చర్చి అయ్యాక అందరూ గుంపులుగా నిలబడి కబుర్లాడుకుంటే ఇతను సైకిలెక్కేస్తాడు. తనదంటూ ఉన్నది ఈ ఆట ఒక్కటే. అందులోకీ ఇలా ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటే తనకింకేం మిగులుతుంది?

"సామాన్లు మానిపించీ జగన్నాధం. లేదంటే నానింక రాను."

జగన్నాధం బుర్ర గోక్కున్నాడు. "ఒక పని సెయ్యండి మాస్టారూ. ఆ చుట్టకుదురు షాటే మీరూ కొట్టండి. పడిందా, వచ్చే ఆదివారం నుంచి సామాన్లు బందు. బోర్డు కట్టిస్తాను. పడలేదా, మరి మీరు నోరెత్తకూడదు."

"సరే, పెట్టు."

"మరి పట్టుకునే మనిషేరీ?"

కృపానిధి ఆగిపోయాడు. ఆ హాల్లో ఒక కట్టుబాటుంది. సామాను పట్టుకునేది కొట్టేవాడి సొంత మనిషే కావాలి. బంతి తగిలి ఎవరి వేళ్ళయినా చితికితే తగువు హాలు మీదికి రాకూడదని జగన్నాధం పెట్టిన పద్ధతి.

అతను హాలంతా కలియజూశాడు. అన్నీ తెలిసిన మొహాలే. అందరూ నమస్కారం పెట్టేవాళ్ళే. నా కోసం వేళ్ళు పెట్టమని అడగదగిన మనిషి మాత్రం ఒక్కరూ కనపడలేదు. సిగ్గేసింది. చేసేదిలేక కర్రని సంచిలోకి తోసెయ్యబోయాడు.

"నాను పట్టుకుంటాను సిన్నాన్నా," అంది దుర్గ.

"ఒసే, నాను ఓడిపోతానే!" అని అరిచాడు వినోద్.

"ఇంట్లో ఎప్పుడు గెలిసేవు గనక?"

జగన్నాధం అడ్డుపడ్డాడు. "నువ్వాయన మనిషివేటే?"

"సిన్నాన్నా అని పిలిసేను కదా. ఇంకేటి గావాల?"

జగన్నాధం పక్కకి తప్పుకున్నాడు. దుర్గ చుట్టకుదురు నిలబెట్టింది. కృపానిధి వంగి గురి చూశాడు. చూపు బంతి మీద నుంచి ఆమె వేళ్ళ మీదికి పోయింది.

"బయమేస్తే ఒగ్గీ అమ్మా," అన్నాడు మెల్లిగా.

"నువ్వున్నావు కదా, నాకు బయమేటి?"

తన షాట్ కోసం ఒక మనిషి వచ్చి అలా నిలబడడం అతనికి ఇదే మొదలు. ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి లేచింది. చుట్టకుదురు పీచు కూడా కదలకుండా దూరిపోయింది. నల్ల బంతి టప్పున పాకెట్లో పడింది. హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా ఈలేసింది ఓడిపోయిన వినోదే. దుర్గ ఆ బంతిని తీసి, కొంగుతో తుడిచి, కృపానిధి చేతిలో పెట్టింది.

జగన్నాధం మాట తప్పే మనిషి కాడు. మళ్ళీ ఆదివారానికి పెద్ద అట్టమీద "సామాన్లు తేకూడదు" అని ఎర్రరంగుతో రాయించి తలుపు పక్కన కట్టాడు. వినోద్ వాళ్ళు వట్టి చేతులతో వచ్చి, బెంచీ మీద ఉసూరుమని కూర్చున్నారు.

కాసేపటికి కృపానిధి వచ్చాడు. భుజాన గోనెసంచి. తిన్నగా బల్ల దగ్గరికెళ్ళి బోర్లించాడు. చుట్టకుదురు, సోడా సీసాలు, పాత సైకిల్ రిమ్ము, చర్చిలో అడిగి తెచ్చిన క్రిస్మస్ నక్షత్రం వెదురు చట్రం.

"ఇదేటి మాస్టారూ!" జగన్నాధం నోరు తెరిచాడు. "గెలిసింది మీరే కదా! బోర్డు సూడలేదేటి?"

కృపానిధి సామాన్లు పంచడం మొదలెట్టాడు. చుట్టకుదురు దుర్గకిచ్చాడు. చట్రం వినోద్‌కిచ్చాడు. రిమ్ము బావమరిదికి, సీసాలు తమ్ముడికి. బెంచీ మీదున్న వాళ్ళందరి చేతులూ నిండాయి. ఇక మిగిలింది జగన్నాధం ఒక్కడు. బల్లమీద ఇంకే సామానూ లేదు.

కృపానిధి తలుపు దగ్గరికి వెళ్ళి, బోర్డు విప్పి తెచ్చి, జగన్నాధం చేతుల్లో పెట్టాడు.

"ఇది నువ్వు పట్టుకో. బంతిని దీని మీద నుంచి గెంతిస్తాను."