రుమాలు వేసిన కుర్చీ

“నిఖిలా, ముందు వరసలో ఈ రుమాలు ఎవరిది? మనం పెట్టినవి టిష్యూ ప్యాకెట్లే కదా!” మా యూనివర్సిటీ టాపర్ల సంఘం ఆనర్ సొసైటీకి ప్రెసిడెంట్ అయిన పృథ్వీ సింగపూర్ యాసలో విసుక్కున్నాడు. “సభకి సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు వచ్చేశారు. తీసెయ్ లా!”

నీలం గళ్ల రుమాలు. నన్ను చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన మా నాన్నదే. ఇక్కడ సింగపూర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు పట్టినట్టే, ఊళ్లో బస్సు కిటికీలోంచి ఆయన ఇది వేసేవాడు.

నేను సొసైటీ సెక్రటరీని. చదువయ్యాక నాకు ఉద్యోగం ఇవ్వడం ఆ కంపెనీ వాళ్ల చేతుల్లోనే ఉంది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నాన్న దగ్గరకు వెళ్లాను.

“ఇది అమలాపురం బస్సా నాన్నా? అవి కంపెనీ వాళ్ల కుర్చీలు.”

“నాకు కాదమ్మా. పొద్దుటి నుంచి అందరికీ కుర్చీలు వేస్తూనే ఉన్నావు. నీకు ఒక్కటీ పట్టుకోలేదు. అందుకని వేశాను.”

“మేం సొసైటీ ఆఫీసర్లం నాన్నా. మేం కూర్చోం.”

“అదేంటే! ఆఫీసరంటే కూర్చునేవాడనుకున్నా ఇన్నాళ్లూ.”

నవ్వబోయాను. నవ్వు రాలేదు. కాళ్లు లాగేస్తున్నాయని అప్పుడు తెలిసింది.

“నిఖిలా, గెస్టులు!” ముందు వరస నుంచి పృథ్వీ పిలిచాడు. అక్కడికి వెళ్లాను.

“వాళ్లకి ఇంకో కుర్చీ వెయ్యి పృథ్వీ. ఇది నాది,” అని రుమాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.