బ్యాటరీ కింద చీటీ

"చేత్తో రాసినవి తీసుకోనని ఎన్నిసార్లు చెప్పాలి?" సైన్సు టీచరు ప్రాజెక్టు కాగితాలను బల్ల మీదుగా వెనక్కి తోసేసింది. "సోమవారం టైపు చేసి తెస్తే మార్కులు. లేకపోతే సున్నా."

ఆ మాటే శనివారం పొద్దున్న రోడ్డు మీద నడుస్తూ నాన్నకు నాలుగోసారి చెప్పింది అమ్మాయి.

"బళ్ళో కంప్యూటర్లు ఉన్నాయిగా?" అన్నాడు నాన్న. ఇళ్ళకు రంగులు వేసే మనిషి. ఆ రోజు పని మానుకుని వచ్చాడు.

"పనిచేసేది ఒక్కటే. బడి వదలగానే ఆవిడే దాని ముందు కూర్చుంటారు. వాచ్‌మన్ తాళాలు గలగలలాడించేదాకా లేవరు. ఇంక మాకెక్కడ దొరుకుతుంది?"

"అంత పనేముంటుందే ఆవిడకి?"

"ఏమో. బళ్ళో అయితే కరెంటు ఊరికే వస్తుంది కదా!"

అద్దాల తలుపుల షోరూములో కొత్త లాప్‌టాప్ ధర చూసి నాన్న మెల్లగా అన్నాడు. "ఆ సున్నాలు నువ్వు లెక్కపెట్టమ్మా. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఒక మీట మీద వేలు ఆనించాడో లేదో, సేల్స్‌మన్ వచ్చి ఆ మీటను గుడ్డతో తుడిచాడు. నాన్న తన గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న నీలం రంగు చూసుకుని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

తర్వాతది పాత లాప్‌టాప్‌ల కొట్టు. "కొత్తదానిలా ఉంది చూడండి" అంటూ కొట్టువాడు ఒకటి అందించాడు. నాన్న దాన్ని తెరవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నిన్ననే కొట్టావా స్ప్రే?"

"అది ఫినిషింగ్ సార్."

"పగుళ్ళ మీద రంగు పూసి మాయచెయ్యడం నాకు నేర్పకు బాబూ. ఇరవై ఏళ్ళుగా నేను చేసే పనే అది."

బయటికి వచ్చాక అమ్మాయి ఆగిపోయింది. "అదీ వద్దు, ఇదీ వద్దు. చివరికి నాకు సున్నా వేయించు, పోతుంది!"

"కొంటానన్నానుగా. చెత్త మాత్రం కొనను."

సాయంత్రానికి మిగిలింది మెట్ల కింద ఉన్న రిపేరు గది. లోపల ముసలి మెకానిక్ స్క్రూలు సర్దుకుంటున్నాడు. నాన్న దగ్గరున్న మొత్తం ఎంతో విని, "దానికి మౌసొస్తుంది" అన్నాడు. తర్వాత అమ్మాయి మొహం చూశాడు. స్టూలెక్కి పై అర మీద నుంచి దుమ్ముపట్టిన లాప్‌టాప్ ఒకటి దించాడు.

"బాగుచేసి ఏడాదైంది. ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే నెల వచ్చే నెల అనేవారు. ఆఖరికి అమ్మేసి రిపేరు ఖర్చు తీసుకోమన్నారు. ఆ ఖర్చు ఇచ్చి పట్టుకెళ్ళండి."

"ఎవరిది?" అన్నాడు నాన్న అనుమానంగా.

"పేర్లు నాకు గుర్తుండవు. ఏం పని చేస్తారో, వచ్చి ఏం చెప్పారో చీటీ మీద రాసి లోపల పెడతా. అన్నది అన్నట్టే రాస్తా. లేకపోతే తర్వాత 'నేనలా అన్లేదే' అంటారు." డబ్బు తీసుకుంటూ అమ్మాయి వైపు తిరిగాడు. "ఆన్ కాకపోతే కంగారుపడకు తల్లీ. బ్యాటరీ ఒకసారి తీసి మళ్ళీ పెట్టు."

ఇంటికి రాగానే బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కింది.

"మోసపోయాం నాన్నా! ఆవిడకేం తెలుసు మన తిప్పలు? టైపు చేసి తెమ్మని నోటితో చెప్పడమే కదా!"

"ముందు ఆ పెద్దాయన చెప్పింది చెయ్యవే."

విసురుగా బ్యాటరీ లాగింది. దాని కింద నాలుగు మడతలు పెట్టిన చీటీ.

"ఏం రాసుంది?" నాన్న అడిగాడు.

అమ్మాయి చదివింది. చీటీ నాన్న చేతిలో పెట్టింది.

"సైన్సు టీచరు. తెర రావడం లేదట. చేత్తో రాసినవి హెడ్మాస్టరు తీసుకోనంటున్నాడట. సోమవారంలోగా కావాలట."