ఇంకో అంగుళం

శ్రీవారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయనకి తప్పు చేయడం రాదు.

తాళంచెవి పోతే, తాళంచెవికే నిలకడ లేదు. మేకు వంకరగా దిగితే, గోడే వంకర. కూరలో తాను గుమ్మరించిన ఉప్పు ఎక్కువైతే, తినేవాళ్ల నాలుకలో ఏదో లోపం. ముప్పై ఏళ్ల కాపురంలో “తప్పు నాది” అన్న రెండు ముక్కలు ఆయన నోట వినాలని ఆ ఇల్లాలికి మహా కోరిక. చీరలు, నగలు ఎప్పుడో వదిలేసింది గానీ, ఇదొక్కటి వదల్లేదు.

పోయినేడు ఆ అవకాశం చేతిదాకా వచ్చి జారిపోయింది.

పాత కార్ల ఊరేగింపు అది. వాళ్ల కారు ఆయన తండ్రిగారు కొన్నది, ఆయన కంటే రెండేళ్లు పెద్దది. పెద్ద కూడలి మలుపులో ఎదురుగా బస్సు కనబడగానే, ఆయన డాష్‌బోర్డు కిందున్న హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగేశారు. కారు గిర్రున అడ్డం తిరిగి, కూడలి మధ్యలో పూలమొక్కల మీదెక్కి కూర్చుంది. వెనక బంపరు సొట్టపోయింది. మర్నాడు పేపర్లో ఫొటో.

“పిల్లి అడ్డొచ్చింది,” అన్నారాయన.

ఆ పిల్లిని ఆవిడ చూడలేదు. బస్సులో వాళ్లెవరూ చూడలేదు. ఫొటోలో పూలున్నాయి, జనం ఉన్నారు, బ్రేకు మీద ఆయన చెయ్యి ఉంది. పిల్లి లేదు.

ఆవిడ ఆ ఫొటో కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆయన పీకేశారు. ఆవిడ మళ్లీ అంటించింది. ఏడాది పొడుగునా ఇదే కార్యక్రమం.

ఈ ఏడు ఆహ్వానం కింద నిర్వాహకులు చేత్తో ఒక వాక్యం రాశారు. ఈసారి ఏదైనా జరిగితే మీ కారుని ఇక పిలవం అని. ఆయన మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ ఊరేగింపంటే ఆయనకి ప్రాణం.

“సీటు బెల్టులు బిగిస్తేనే నేను కారెక్కేది,” అంది ఆవిడ.

“ఏమిటీ? ఆ కారుకి చిల్లులు పొడిపిస్తావా? మా నాన్నగారు దానికో స్టిక్కరు కూడా అంటించలేదు!”

“మీ నాన్నగారు గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకోలేదూ? కారుకి బెల్టు పెట్టిస్తే తప్పొచ్చిందా?”

“నువ్వు రాకపోతే నేనెలా వెళ్తానే?”

“అదే నేనూ అడుగుతున్నా.”

ఎవరైనా వింటే ఎంత అన్యోన్య దాంపత్యమో అని మురిసిపోయేవారు.

కారు షెడ్డుకి వెళ్లింది. పోయినేడు బంపరు సరిచేసిన మెకానిక్కే. కారు కింద దూరి, వేళ్లతో రేకు నొక్కి చూసి, బయటికొచ్చాడు.

“తుప్పు లేదమ్మా. కానీ ఉత్త రేకుకి బోల్టు బిగిస్తే కుదుపుకి చించుకుని వచ్చేస్తుంది. కింద అరచెయ్యంత ఇనుప పలక పెట్టి వెల్డింగ్ చేస్తా. బెల్టుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మనం ముందుకి వంగితే మనతో పాటు వస్తుంది, కుదుపొస్తేనే పట్టేస్తుంది. ఇంకోటి పాతకాలంది. ఎంత బిగిస్తే అంతే, వంగనివ్వదు. ఏది వెయ్యమంటారు?”

“రెండూ,” అంది ఆవిడ. “నాకు వంగేది. సారుకి వంగనివ్వనిది.”

మెకానిక్ ఒకసారి సారుని చూశాడు. ఒకసారి హ్యాండ్ బ్రేకుని చూశాడు. మూతి మీద నూనెగుడ్డ అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు.

సాయంత్రానికి పని అయింది. ఆయన్ని కూర్చోబెట్టి బెల్టు సరిచేశాడు.

“ఊపిరాడుతోందా సార్?”

“ఆడుతోంది.”

“అయితే ఇంకో అంగుళం లాగొచ్చు,” అంది పక్కనుంచి ఆవిడ.

ఊరేగింపు రోజు రానే వచ్చింది. కారు తళతళలాడుతోంది. దారి పొడుగునా ఆయన నోటికి తీరిక లేదు. ముందు కారువాడికి మర్యాద లేదు, వెనక కారువాడికి కళ్లు లేవు. రెండుసార్లు హారన్ కొట్టబోయి, ఎందుకో విరమించుకున్నారు.

పెద్ద కూడలి వచ్చింది. అదే మలుపు. అవే పూలమొక్కలు, కొత్తగా నాటినట్టున్నారు. ఎదురుగా, పగబట్టినట్టు, బస్సు.

ఆయన చెయ్యి బ్రేకు కోసం దూకింది. బెల్టు వెనక్కి లాగింది. వేళ్లు బ్రేకుకి జానెడు దూరంలో ఆగిపోయి గాల్లో కొట్టుకున్నాయి. ఆయన రెండు కాళ్లూ నేలకేసి తొక్కి, కళ్లు గట్టిగా మూసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి బస్సు వెళ్లిపోయింది. కూడలి వెనకబడింది. కారు వెన్నలో కత్తిలా మలుపు తిరిగేసి తిన్నగా పోతోంది. రోడ్డు పక్కన జనం చప్పట్లు కొడుతున్నారు.

ఆవిడ అద్దంలో ఒకసారి చూసుకుంది.

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. బయట సాయం చేసేవాళ్లెవరూ కనబడలేదు.

“పిల్లీ లేదు, గిల్లీ లేదు, తప్పు నాదేనే,” అన్నారు చివరికి, “నువ్వు అంత బాగా కారు నడుపుతుంటే, పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి నేను ఆ బ్రేకు జోలికి పోకుండా ఉండాల్సింది.”