కంపెనీ మనిషి

"ఏమ్మా, కతలు చెప్పే యాప్ చేసినేది నువ్వేనా?"

భుజాన కంబళి, చేతిలో ఫోను. అరవై దాటిన మనిషి. ఒక సోమవారం సోమందేపల్లెలో వేరుశనగ విత్తనాల కొట్టు ముందు నిలబడి అడిగాడు.

కొట్టులో ఉన్న అశ్వినికి ఒళ్లు మండింది. ఈ మధ్య ఆ యాప్ మాట ఎవరెత్తినా ఆమెకు అట్లాగే ఉంటోంది.

"నేనే తాతా. ఇప్పుడు లేదు. తీసేసినారు."

"ఎవురు?"

"ఫోన్లో యాప్‌ల స్టోరు నడిపే పెద్ద కంపెనీవాళ్లు."

జరిగింది ఇదీ. కొట్టు వెనక పెరట్లో అశ్విని వాళ్ల నాన్న విత్తనం కాయల్ని చేత్తోనే వలిపిస్తాడు. మిషనుకేస్తే పప్పు పగిలి మొలక రాదు. పక్కూళ్ల నుంచి వచ్చిన పదిమంది ఆడవాళ్లు కూర్చుని వలుస్తుంటే తిప్పమ్మ అనే కూలామె కథలు చెప్పేది. అబ్బ, ఏం కథలవి! చేతులూ ఆగేవి కావు, నవ్వులూ ఆగేవి కావు.

అశ్విని రెండేళ్లు పక్కన కూర్చుని ఆ కథలన్నీ రికార్డు చేసింది. యాప్‌లో పెట్టింది. నెలకు పది రూపాయలు. తిప్పమ్మ చనిపోయాక కూడా ఊరూరా పిల్లలు ఆ గొంతు వింటూనే అన్నాలు తిన్నారు.

ఆ పదిలో మూడు మాకివ్వు, డబ్బులు మా దారినే రావాలి అంది కంపెనీ. పల్లెటూరి తల్లులకు ఆ దారేం తెలుస్తుంది? అశ్విని యాప్‌లో తన స్కానర్ పెట్టి డబ్బులు నేరుగా తీసుకుంది. వారం తిరగకముందే యాప్ మాయం, కథలు బంద్. పోనీ ఇంకో అంగడిలో పెడదామంటే జనాల ఫోన్లలో ఉన్నది ఆ ఒక్క అంగడే.

తనలాంటి చిన్న యాప్‌లవాళ్లతో కలిసి ఢిల్లీలో కేసు వేసింది. లాయరు సుష్మ గట్టిగా చెప్పింది.

"తీర్పు వచ్చేదాకా స్టోరు బయట ఎవరికీ ఒక్క కథ కూడా ఇవ్వకండి. కంపెనీవాళ్లు మామూలు మనుషుల్ని పంపి అడిగిస్తారు. ఇచ్చారా, చిక్కినట్టే."

ముసలాయన ఫోను ముందుకు చాపాడు.

"స్టోరూ గీరూ నాకు తెల్దు తల్లీ. నేరుగా నా ఫోన్లోకి ఎక్కించు. ఎంతడిగితే అంత ఇస్తా."

లాయరు చెప్పింది నిజమే అనుకుంది అశ్విని. వచ్చేశాడే!

"నిన్నెవరు పంపినారు?"

"నన్నెవురు పంపుతారు? నేనే వస్తి."

"ఇచ్చేది లేదు. పో తాతా."

పై సోమవారం మళ్లీ వచ్చాడు.

"ఎక్కించొద్దులే. నీ ఫోన్లోనే పెట్టు. ఈడనే కూచోని విని పోతా. ఒగటి చాలు."

"ఏ కథ కావల్ల?"

"ఏదైనా సరే. కత ఏదైతే ఏమిలే."

దొరికాడు దొంగ అనుకుంది అశ్విని. కథలు ఇష్టమున్నవాడు నక్క కథ అంటాడు, రాజు కథ అంటాడు. ఇతనికి కథతోనే పనిలేదట! కంపెనీ మనిషి కాక మరెవరు?

మూడో సోమవారం ఇంకో ప్రశ్న.

"ఆ కతలు చెప్పే ఆమె యాడ కూచునేది?"

వలిచే కాలం అయిపోయి పెరడు ఖాళీగా ఉంది. అయినా పెరటి తలుపు సందులోంచి ఎంతసేపు చూశాడో! ఫోటో తీస్తాడేమోనని అశ్విని తలుపు ధడేల్మని వేసింది.

"మీ కంపెనీవాళ్లకు పోయి చెప్పు. అశ్విని ఇట్లాంటివాటికి బెదిరేది కాదని."

"అది కాదు తల్లీ, ఆమె..."

"ఇంకొక్క మాట మాట్లాడితే పోలీసుల్ని పిలుస్తా."

ముసలాయన కంబళి భుజాన సర్దుకున్నాడు.

"అట్లనేలేమ్మా" అని రొద్దం బస్సెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

తల్లుల ఫోన్లు మాత్రం ఆగలేదు. "అక్కా, ఆ అవ్వ మళ్లీ ఎప్పుడొస్తుంది? పాప ముద్ద ముట్టడంల్యా." ఏం చెప్తుంది? అశ్వినికే ఆ అవ్వ మీద బెంగగా ఉంది. పెరట్లోకి పోయినప్పుడల్లా ఏడుపొచ్చేది.

రెండు నెలలకు ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. చిన్నవాళ్లు తమ సరుకు జనానికి నేరుగా ఇచ్చుకోవచ్చు, డబ్బులూ నేరుగా తీసుకోవచ్చు. తీసేసిన యాప్‌లు తిరిగి పెట్టాలి.

అశ్విని బజారంతా మైసూర్‌పాకు పంచింది. కొట్టులో స్పీకరు పెట్టి తిప్పమ్మ కథలు మోగించింది. ఆ ముసలాయన వస్తే బాగుండును, అతని ముందే వినిపించి ఉడికించాలి అనుకుంది. సోమవారమంతా బస్టాండు వైపే చూసింది. రాలేదు.

సాయంత్రం గొర్రెల కాపరి కేశవ వచ్చాడు. రొద్దం దిక్కు మనిషి. ఇంట్లో పిల్లల కోసం కథలు ఎక్కించుకుంటున్నాడు.

"కేశవన్నా, మీ దిక్కు బస్సులోనే ఒక ముసలాయన సోమవారం సోమవారం వచ్చేవాడు. కంబళి కప్పుకోని. ఏ కంపెనీలో పని ఆయనది?"

కేశవ నవ్వాడు.

"సుంకప్ప మామనా? జీవాలు మేపుకునేటోనికి కంపెనీ యాడిదమ్మా! పాపం, పోయిన నెల జ్వరమొచ్చి చనిపోయినాడు."

అశ్విని చేతిలోని ఫోను బల్లమీద పెట్టేసింది. స్పీకరులో తిప్పమ్మ ఏదో చెప్పి తనే పకపకా నవ్వుతోంది.

"మరి... ఏ కథైనా సరే అని అంతగా ఎందుకు అడిగినాడన్నా?"

"తిప్పమ్మత్త పోయిననాడు జీవాలతో కర్నాటకలో ఉండిపోయి కడసూపు గూడా అందల్యా ఆయప్పకు, పెండ్లాం గొంతన్నా ఒగసారి విందామని నీ కాడికి తిరిగినాడు గదమ్మా."