నీలి కుండ

బాలమణి కుండలోంచి నూలు చిలప తీసి నీళ్లలో జాడించింది.

రంగంతా కారిపోయింది. నూలు మళ్లీ తెల్లబడింది.

ఇది మూడోసారి.

డబ్బా రంగు నిలవడం లేదని భర్త రామచందర్ నేసిన చీరలు సంత నుంచి తిరిగొచ్చాయి. పాతకాలపు నీలిమందు అయితే కారదని ఎవరో అన్నారు. అత్త సంగమ్మ రాయికోడ్ పోయిన వేళ చూసి, ఆమె సందూకులోని నీలిబిళ్ల తీసింది బాలమణి. ఉన్నదే ఒక్కటి. నూరి సున్నపుతేటలో కలిపేసింది.

అత్త రేపు వస్తుంది.

"తాయీ, జర మంచినీళ్లియ్యి."

వాకిట్లో గొంగడి కప్పుకుని, చంకలో మూటతో ఒక ముసలాయన. చెంబు అందుకున్న చేతి గోళ్లన్నీ నీలంగా ఉన్నాయి. ఏం రోగమోనని బాలమణి ఎడంగా జరిగింది.

ఆయన నీళ్లు తాగలేదు. కుండ దగ్గరికి పోయి వాసన చూశాడు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"అయ్యో, గది సున్నం నీళ్లు తాతా!"

"బిళ్ల ఎవరిది?"

"మా అత్తది. ఖరాబు చేసిన. రేపొచ్చి నన్ను బతకనియ్యదు."

ఆయన చెంబు దించి, వీధిలోకి పోయి గొంతెత్తాడు.

"ఓరయ్యా! బొంబాయి సడక్ మీద బెల్లం లారీ బోల్తా పడ్డది! ఎవలకు దొరికింది వాళ్లదే!"

వీధి వీధంతా లేచింది. గంపలతో కొందరు, చాటలతో కొందరు. రామచందర్ మగ్గం దిగి దుప్పటి పట్టుకుని ఉరికాడు.

"నువ్వు గూడ పో తాయీ."

బాలమణి బిందె చంకనెత్తుకుని పరుగెత్తింది.

సడక్ మీద లారీ లేదు. ఒక గడ్డిబండి ఉంది.

"ఈడ ఏం బోల్తా పడ్డది?" పక్కింటి మల్లప్ప బండివాణ్ణి అడిగాడు.

"మీ అందరి తెలివి," అన్నాడు బండివాడు.

తిరిగొచ్చి చూస్తే ఉట్టి మీది బెల్లం గడ్డ లేదు. ముసలాయన అరుగు మీద చేతులు తుడుచుకుంటున్నాడు.

"గిందుకా లారీ కథ! బెల్లం దొంగ!" రామచందర్ రెక్క పట్టుకుని లేపాడు.

"బెల్లం యాడికి పోలే నాయనా, గీ ఇంట్లనే ఉన్నది. తెల్లారేదాంక కుండ మూత తియ్యకున్రి."

"మూట ఇప్పు!"

మూటలో రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ.

"మొత్తం మింగిండు ముసలోడు!" మల్లప్ప మాటకు వీధంతా నవ్వింది.

రామచందర్ ఆయన్ని నెట్టుకుంటూ పోయి బస్సెక్కించి వచ్చాడు.

అప్పుడు చూసింది బాలమణి. ఆయన గొంగడి కుండ చుట్టూ బిగించి కట్టి ఉంది. దొంగ అయితే ఈ చలిలో ఒంటి మీది గొంగడి వదిలిపోతాడా?

తెల్లారి మూత తీసింది. బెల్లపు పులుపు వాసన. ఆకుపచ్చ నీళ్ల మీద రాగి రంగు నురగ.

ముంచిన నూలు పసుపుపచ్చగా వచ్చింది.

గాలి తగిలింది. చూస్తుండగానే ఆకుపచ్చనయింది, ఆపైన నీలమయింది. జాడించింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఏంది కోడలా, సందూకు తాళం ఊడి ఉన్నది?"

వెనక సంగమ్మ. బాలమణి అంతా చెప్పింది. అత్త తిట్టలేదు.

"ఆయన గోళ్లు ఇంకా నీలమేనా?"

"ఆఁ... నీకెట్ల ఎరుక?"

"అబద్ధం చెప్పిండా?"

"ఊరంత ఉరికేటంత అబద్ధం."

"చెడ్డ కుండల బెల్లమేసి, నలుగురు నమ్మే అబద్ధం ఆడితెనే నీలి పొంగుతదంటరు ఆ రంగు పనోళ్లు. ఏ బస్సెక్కిచ్చిన్రు?"

"ముందు ఏదొస్తే అది."

సంగమ్మ కుండ మీది గొంగడి విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ బిళ్ల చేసి నా చేతుల పెట్టిన గురులింగప్ప ఆయనే బిడ్డా, డబ్బా రంగులొచ్చి కుండలు బందు పెట్టుకొని పోయినసంది, యాడున్నడోనని ఇరవయ్యేండ్ల నుంచి నేను అడగని ఊరు లేదు."